హెడ్‌లైట్ మార్చే ముందు లింకు రాడ్ చూడండి

మహారాష్ట్రలోని చంద్రపూర్, బల్లార్‌పూర్, రాజురా వైపు బొగ్గు లారీల వెనుక వేసవిలో కారు నడిపే మనవారికి ఒక ఇబ్బంది ఎదురుకావచ్చు: స్టీరింగుతో పాటు పక్కకు తిరగవలసిన అడాప్టివ్ హెడ్‌లైట్లు ఉన్నట్టుండి కదలడం మానేసి, కిందికి వాలి ఉండిపోతాయి. అంతమాత్రాన ఖరీదైన హెడ్‌లైట్‌ను మార్చవలసిన పని లేదు.

చాలా కార్లలో సస్పెన్షన్ దగ్గర, కారు ఎత్తును కొలిచే లెవెల్ సెన్సార్ ఒకటి ఉంటుంది. దానిని సస్పెన్షన్ ఆర్మ్‌తో కలిపే సన్నని లింకు రాడ్ చివరి కీలులో ధూళి చేరి, పాత గ్రీజుతో కలిసి నల్లని ముద్దగా గట్టిపడితే అది బిగుసుకుపోతుంది, ఒక్కోసారి ఊడిపోతుంది కూడా. అప్పుడు కారు ఎత్తు సరిగా తెలియక, ఎదుటివారి కళ్లలో వెలుతురు పడకూడదని కంట్రోల్ యూనిట్ దీపాలను దించేస్తుంది. కీలును మెత్తని బ్రష్‌తో శుభ్రం చేసి, వేలితో కదిపి చూడండి. ఇగ్నిషన్ ఆపి సెన్సార్ కనెక్టర్‌ను విప్పినప్పుడు పిన్నులపై ఆకుపచ్చని పొర కనిపిస్తే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఆరనివ్వాలి. ప్రెషర్ వాషర్‌ను మాత్రం అక్కడికి రానివ్వకండి.

ఎండకు నీరసించిన బ్యాటరీ వల్ల కూడా ఇలాంటి లోపం కనిపించవచ్చు కనుక, బండి ఆపి కొన్ని గంటలైన తరువాత వోల్టేజి సుమారు 12.6 ఉందో లేదో చూడండి. లింకు రాడ్ లేదా సెన్సార్ మార్చినట్లయితే, టైర్లలో గాలి సరిచూసి, డిక్కీ ఖాళీ చేసి, సమతలమైన నేలపై కారు లోపాలు చదివే స్కానర్‌తో కాలిబ్రేషన్ (సెన్సార్ కొలతను మళ్లీ సరిచేయడం) చేయించాలి.