విశాఖ నుంచి సిసిలీకి: రెండు బసల్లో చూడవలసిన ద్వీపం

ఇటలీకి చెందిన సిసిలీ మధ్యధరా సముద్రంలోని ద్వీపాలన్నింటిలోకీ పెద్దది. అగ్నిపర్వతం, గ్రీకు ఆలయాలు, నార్మన్ రాజుల చర్చిలు అన్నీ అక్కడే ఉన్నాయి గానీ, ఒకే ఊళ్లో బస చేసి అన్నింటినీ చూడాలనుకుంటే సెలవుల్లో సగం బస్సుల్లోనే గడిచిపోతుంది. అందుకని తూర్పున కటానియాలో, పడమట పలెర్మోలో గదులు తీసుకుని, ఒక విమానాశ్రయంలో దిగి రెండోదాని నుంచి తిరుగు ప్రయాణమయ్యేలా టికెట్లు కొనుక్కోవడం మేలు.

విశాఖ నుంచి ఇటలీకి నేరుగా విమానం లేదు కాబట్టి ఢిల్లీ, హైదరాబాద్ వంటి నగరాల మీదుగా వెళ్లాలి. ఇటలీతో సహా పలు ఐరోపా దేశాలకు చెల్లే షెంగెన్ వీసాకు ప్రయాణానికి 6 నెలల ముందు నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. మన పిల్లల వేసవి సెలవుల్లో వచ్చే మే నెల సిసిలీకి చాలా అనువైన కాలం. జూలై, ఆగస్టుల్లో ఎండా, రద్దీ రెండూ ఎక్కువే.

కటానియాలో దిగినవారు ఆకాశం నిర్మలంగా ఉన్న మొదటి రోజునే ఎట్నా అగ్నిపర్వతానికి కేటాయించాలి, ఎందుకంటే మధ్యాహ్నానికి శిఖరాన్ని తరచుగా మబ్బు కప్పేస్తుంది. 3,300 మీటర్లు దాటిన ఈ పర్వతం మీద దాదాపు 1,900 మీటర్ల ఎత్తున ఉన్న రిఫూజియో సపియెంజా అనే మజిలీ వరకు రోడ్డు ఉంది. అక్కడి నుంచి రోప్‌వే సుమారు 2,500 మీటర్ల వరకు తీసుకెళ్తుంది. ఆపైన శిఖర బిలాల దగ్గరకు అనుమతి పొందిన గైడ్లతోనే వెళ్లాలి, పర్వతం రగిలినప్పుడు ఆ దారి మూసేస్తారు. సముద్రపు ఉక్కకు అలవాటుపడిన మనవాళ్లు మే నెలే కదా అని స్వెట్టర్, గట్టి బూట్లు ఇంట్లో వదిలి వెళ్లకూడదు.

కటానియా నుంచి రైల్లో సిరాకూసా నగరానికి వెళ్లి, ఒర్తీజియా దీవిలోని ప్రధాన చర్చి గోడలను నిదానంగా పరిశీలించండి. క్రీస్తుపూర్వం 5వ శతాబ్దపు అథీనా ఆలయ స్తంభాలు ఆ గోడల్లోనే నిలిచి ఉన్నాయి. ద్వీపమంతటిలో నాకు అత్యంత ప్రియమైన కట్టడం ఇదే. సమయముంటే, 1693 భూకంపం తర్వాత కొత్త చోట బరోక్ అనే అలంకారాలు నిండిన శైలిలో కట్టుకున్న నోతో పట్టణాన్ని కూడా చూడవచ్చు.

పలెర్మోలో రెండవ రోజర్ రాజు కట్టించిన పాలటీనా చాపెల్‌కు ఆదివారం కాకుండా మరో రోజు వెళ్లండి. చిన్న చిన్న రంగు ముక్కలు అతికి చేసిన బైజాంటిన్ మొజాయిక్ చిత్రాల పైన అరబ్బు పనితనపు చెక్క కప్పు ఉండడం అందులోని విశేషం. నగరం పక్కనే ఉన్న మొన్రియాలే చర్చికి బస్సులో వెళ్లి రావచ్చు. అగ్రిజెంతోలోని గ్రీకు ఆలయాల లోయకు రైల్లో దాదాపు రెండు గంటల ప్రయాణం. అక్కడి కాంకార్డియా ఆలయం తర్వాతి కాలంలో చర్చిగా మారడం వల్లనే అంత చెక్కుచెదరకుండా మిగిలింది. చర్చిల్లోకి వెళ్లేటప్పుడు భుజాలు, మోకాళ్లు కప్పే దుస్తులు వేసుకోవాలి.

శాకాహారులు ఇబ్బంది పడనక్కర్లేదు. కటానియాలో వంకాయ, టమాటాలతో చేసే పాస్తా అల్లా నోర్మా, పలెర్మోలో శనగపిండితో వేయించే పనెల్లే మన నాలుకకు వెంటనే నచ్చుతాయి. అన్నంతో చేసే అరంచీనీలో మాత్రం తరచుగా మాంసం ఉంటుంది కాబట్టి, కొనే ముందు "సెన్జా కార్నే?" అని అడగండి, మాంసం లేనిదేనా అని దాని అర్థం.

కారు అద్దెకు తీసుకునేవారు విశాఖలోనే రవాణా శాఖ నుంచి అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోవాలి. పాత నగరాల్లో జెడ్‌టీఎల్ అనే నియంత్రిత ప్రాంతాల్లోకి అనుమతి లేకుండా వెళ్తే కెమెరాలు పట్టేసి జరిమానా పంపుతాయి కాబట్టి, కారును వాటి బయటే నిలిపి లోపలికి నడిచి వెళ్లండి.