ఫుట్‌బాల్ చూడటం నేర్చుకుందాం – 6వ పాఠం: తడి వేరు, నీరు వేరు

పోయిన పాఠంలో ఒక పని ఇచ్చాను. ఏదైనా మ్యాచ్‌లో పది నిమిషాలపాటు బంతిని వదిలేసి, బంతి దగ్గర లేని ఆటగాళ్లనే చూడమన్నాను. ఆ పని చేసినవాళ్లకు ఈ పాఠం సులువుగా ఎక్కుతుంది. చెయ్యనివాళ్లు కూడా చదవొచ్చు, కానీ ఈసారి ఇచ్చే పని మాత్రం ఎగ్గొట్టకండి. దానికి ఒక బంతి, రెండు బకెట్ల నీళ్లు, మేడ మీద కాస్త చోటు ఉంటే చాలు.

ఇవాళ్టి విషయం వాన. పెద్ద మ్యాచ్ ఉంది, పొద్దున్నుంచి ముసురు పట్టింది అనుకోండి. పక్కన కూర్చున్నవాళ్లలో ఒకరు "వాన ఇద్దరికీ సమానమే కదా" అంటారు. ఇంకొకరు "వానొస్తే చిన్న జట్టుకి కలిసొస్తుంది" అంటారు. రెండూ సగం సగం మాటలే. వాన వల్ల ఎవరికి లాభం అని తేల్చే ముందు ఇంకో ప్రశ్న వేసుకోవాలి: మైదానంలో ఉన్నది తడా, నీరా?

తడి అంటే గడ్డి మీద పల్చటి నీటి పొర. రాపిడి తగ్గుతుంది కాబట్టి పాస్ వేసిన బంతి జారుకుంటూ, మామూలుకంటే వేగంగా వెళ్తుంది. కింద పడితే ఎత్తు లేవదు, ముందుకి దూసుకుపోతుంది. యూరప్‌లో చాలా పెద్ద క్లబ్బులు వాన లేని రోజున కూడా మ్యాచ్‌కి ముందు, హాఫ్‌టైమ్‌లో స్ప్రింక్లర్లు తిప్పి గడ్డిని తడుపుతాయి. మొదటిసారి చూసినప్పుడు ఎవరో పొరపాటున పంపు తిప్పారనుకున్నాను. పొరపాటు కాదు. చకచకా పాసులు ఆడే జట్టుకి తడి కావాలి.

నీరు సంగతి వేరు. నేల పీల్చుకోలేక పైన నిలిచిపోయిన నీళ్లలో బంతి ఎవరో చెయ్యి అడ్డం పెట్టినట్టు ఆగిపోతుంది. ఇరవై గజాల పాస్ పది గజాలకే చచ్చుబడుతుంది. గోల్‌కీపర్‌కి వెనక్కిచ్చిన బంతి దారిలో మడుగులో కూర్చుంటే, అవతలి ఫార్వర్డ్‌కి విందు భోజనమే.

అంటే ఒకే జట్టుకి, ఒకే సాయంత్రం, సన్న జల్లు వరం, కుండపోత శాపం. "వానొస్తే ఏమవుతుంది" అన్న ప్రశ్నకి ఒకే జవాబు లేనిది అందుకే.

మరి టీవీ ముందు కూర్చుని తడో నీరో ఎలా కనిపెట్టాలి? వార్మప్ చూడండి. బంతి దొర్లుతున్నప్పుడు దాని వెనక నీళ్లు ఎగజిమ్ముతున్నాయా? పైనుంచి పడ్డ బంతి లేస్తోందా, తపుక్కుమని కూలబడుతోందా? ఇంకోటి, నీళ్లు ఎక్కడ నిలిచాయి? నీళ్లు పక్కలకి జారిపోవడానికి చాలా మైదానాలను నడుమ కాస్త ఎత్తుగా కడతారు. డ్రైనేజీ సరిగా లేకపోతే ఆ నీళ్లన్నీ టచ్‌లైన్ల (మైదానం పొడుగునా ఉండే పక్క గీతల) దగ్గర చేరతాయి, వింగర్లు పరిగెత్తేది సరిగ్గా అక్కడే. గోల్ ముందు గడ్డి అరిగిపోయి ఉంటుంది కాబట్టి మొదట బురదయ్యేది ఆ చోటే.

ఇప్పుడు రెండు పాత మ్యాచ్‌లు. రెండూ ప్రపంచ కప్పువే, రెండూ వానలోనే, రెంటిలో గెలిచింది పశ్చిమ జర్మనీయే. కానీ ఒకటి నీటి కథ, ఇంకోటి తడి కథ.

మొదటిది ఫ్రాంక్‌ఫర్ట్, 1974 జులై 3. పశ్చిమ జర్మనీ, పోలండ్. గెలిచినవాళ్లు ఫైనల్‌కి వెళ్తారు. మ్యాచ్‌కి ముందు కుండపోతగా కురిసి మైదానం చెరువైంది. ఫైర్ సర్వీస్ వాళ్లు పంపులతో నీళ్లు తోడారు, రోలర్లు దొర్లించారు. కిక్-ఆఫ్ అరగంట వెనక్కి పోయింది. అప్పటికీ బంతి కొన్నిచోట్ల దొర్లడానికి మొరాయించింది. జర్మన్లు ఇప్పటికీ ఆ మ్యాచ్‌ని ఫ్రాంక్‌ఫర్ట్ నీటి యుద్ధం అంటారు.

ఇక్కడ మీరు వేసుకోవాల్సిన ప్రశ్న: గోల్ ఎవరికి అవసరం? గ్రూపులో రెండు జట్లూ చెరో రెండు మ్యాచ్‌లు గెలిచాయి, గోల్స్ తేడాలో జర్మనీ ముందుంది. కాబట్టి జర్మనీకి డ్రా చాలు, పోలండ్ మాత్రం గెలిచి తీరాలి. పైగా పోలండ్ బలమంతా లాటో, గడోచా లాంటి వేగం గల వింగర్లు. మడుగులో బంతి ఆగుతుంటే వింగర్ వేగం దేనికి పనికొస్తుంది? బంతికంటే ముందు తను వెళ్లిపోతాడు. అయినా మొదటి సగంలో పోలండే ఎక్కువ దాడి చేసింది, జర్మనీ కీపర్ సెప్ మాయర్ ఒకదాని వెంట ఒకటి బంతులు ఆపి జట్టుని నిలబెట్టాడు. రెండో సగంలో హోనెస్ పెనాల్టీని పోలండ్ కీపర్ తొమషెవ్‌స్కీ ఆపేశాడు. 76వ నిమిషంలో గెర్డ్ ముల్లర్ గోల్ కొట్టాడు, 1-0.

ఆ గోల్ కొట్టింది ముల్లరే కావడం నాకు యాదృచ్ఛికం అనిపించదు. ఆయన బంతిని యాభై గజాలు తోలుకెళ్లే మనిషి కాదు. పెనాల్టీ బాక్సులో తచ్చాడుతూ, దొరికిన బంతిని అరక్షణంలో లోపలికి తోసే మనిషి. మైదానంలో నీరు నిలిచిన రోజున ఇలాంటివాడికి పెద్దగా నష్టం ఉండదు. ఎందుకంటే అతని ఆట బంతి దొర్లడం మీద నిలబడిలేదు.

రెండోది బెర్న్, 1954 జులై 4, ఫైనల్. ఎదుట హంగరీ. అప్పటికి నాలుగేళ్లుగా ఓటమి లేని జట్టు, రెండు వారాల కిందట ఇదే జర్మనీని 8-3తో ఉతికిన జట్టు. ఆట సాగినంతసేపూ వాన. జర్మనీ కెప్టెన్ ఫ్రిట్స్ వాల్టర్‌కి యుద్ధకాలంలో మలేరియా వచ్చింది, అప్పట్నుంచి ఎండలో ఆడటం కష్టం, వానలో మాత్రం చెలరేగేవాడు. జర్మన్లు వాన రోజును ఇప్పటికీ ఫ్రిట్స్ వాల్టర్ వాతావరణం అంటారు. జట్టు వెంట ఉన్న ఆడి డాస్లర్ (అడిడాస్ ఆయనదే) బూట్ల అడుగున మరతో బిగించే స్టడ్స్ (జారకుండా నేలని పట్టుకునే మొనలు) తయారు చేశాడు. నేల మెత్తబడగానే పొట్టి స్టడ్స్ తీసి పొడుగువి బిగించారు.

కథ ఇక్కడితో ఆపి "బూట్లే గెలిపించాయి" అనేవాళ్లు బోలెడుమంది. నేను ఒప్పుకోను. అదే తడిలో, జర్మన్లు అవే బూట్లు తొడుక్కుని ఉండగానే హంగరీ ఎనిమిది నిమిషాల్లో రెండు గోల్స్ కొట్టింది. బంతి గడ్డి మీద ఇంకా బాగా జారుతున్న సమయమది, వాళ్ల పాసులకి తడి సాయపడి ఉండాలి. జర్మనీ 18వ నిమిషానికల్లా 2-2 చేసింది. ఆ తర్వాత హంగరీ కొట్టిన బంతులు గోల్‌పోస్టుకీ, పైన అడ్డకర్రకీ తగిలాయి. 84వ నిమిషంలో హెల్ముట్ రాన్ ఎడమకాలితో నేలబారుగా కొట్టిన షాట్‌తో 3-2 అయింది.

మరి వాన ఏం చేసినట్టు? కాళ్లు చూడండి. హంగరీ నాలుగు రోజుల ముందే ఉరుగ్వేతో ఎక్స్‌ట్రా టైమ్ దాకా ఆడింది. జర్మనీ తన సెమీఫైనల్‌ని 6-1తో తేలిగ్గా ముగించింది. హంగరీ కెప్టెన్ పుష్కాష్ చీలమండ గాయంతోనే దిగాడు. మెత్తబడిన నేల ప్రతి అడుగునీ లాగుతుంది, పొలంలో నాట్లేసినవాళ్లని అడగండి. అప్పటి తోలు బంతి నీళ్లు పీల్చి బరువెక్కుతుంది కూడా. ఆట మొదట్లో బంతి 14 నుంచి 16 ఔన్సులు (దాదాపు 400 నుంచి 450 గ్రాములు) ఉండాలని అప్పటి నియమం, ఆట మధ్యలో తోలు ఎంత తాగుతుందో నియమం ఆపలేదు కదా. (ప్రపంచ కప్పులో పూర్తిగా సింథటిక్ బంతి వచ్చింది 1986లో.) అలసిన జట్టుకి చిత్తడి నేల చివరి ఇరవై నిమిషాల్లో బిల్లు చేతికిస్తుంది. స్టడ్స్ పట్టు ఇవ్వగలవు, ఊపిరి ఇవ్వలేవు.

పాదం సంగతి వచ్చింది కాబట్టి మన వైపు ఒక మాట. కలకత్తా లీగ్ ఆడేదే వానాకాలంలో. 1911లో మోహన్ బగాన్ బ్రిటిష్ సైనిక జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ని 2-1తో ఓడించి ఐఎఫ్ఏ షీల్డ్ అనే పోటీ గెలిచినప్పుడు, ఒక్కరు తప్ప అందరూ ఉత్త కాళ్లతోనే ఆడారు. పొడి నేల మీద ఉత్త కాలు బంతిని చక్కగా అదుపు చేస్తుంది, బురదలో నిలవదు. 1934 నుంచి వరసగా ఐదేళ్లు లీగ్ గెలిచిన మొహమ్మడన్ స్పోర్టింగ్ వాన రోజుల్లో బూట్లు తొడిగింది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మన జట్టులో చాలామంది ఉత్త కాళ్లతో దిగి యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడాక బూట్లు తప్పనిసరయ్యాయి. అప్పుడు కోచ్ మన హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీమే. తర్వాత 1962లో జకార్తాలో ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చిందీ ఆయన జట్టే.

గోల్‌కీపర్ గురించి క్లుప్తంగా. వాన రోజున కీపర్ బంతిని పట్టుకుంటున్నాడా, గుద్దుతున్నాడా, పక్కకి తోస్తున్నాడా చూడండి. దూరం నుంచి నేలబారు షాట్లు పెరిగాయంటే అవతలి కోచ్‌కి లెక్క తెలుసన్నమాట. ప్రతి షాట్ వెనకా ఒక ఫార్వర్డ్ పరిగెడుతున్నాడా అన్నది ఇంకా ముఖ్యం, జారి వచ్చే బంతి వాడి కోసమే.

ఇక ఆట ఆపాలా వద్దా అన్నది రిఫరీ చేతిలో ఉంటుంది. 2000 మే 14న ఇటలీలోని పెరుజాలో, ఇటలీ లీగ్ చివరి రోజు, పెరుజాతో యువెంటస్ మ్యాచ్. యువెంటస్ గెలిస్తే టైటిల్ వాళ్లదే. హాఫ్‌టైమ్‌లో ఆకాశం చిల్లుపడింది. రిఫరీ కొలీనా గొడుగు పట్టుకుని మైదానంలోకి వచ్చి బంతిని నేలకి వేసి చూశాడు. లేవలేదు. గంటకు పైగా ఆగి మళ్లీ మొదలుపెట్టారు. కాసేపటికే పెరుజా ఆటగాడు కలోరి గోల్ కొట్టాడు, 1-0. ఒక్క పాయింటు తేడాతో టైటిల్ లాజియో అనే ఇంకో జట్టుకి పోయింది. ఆ ఆగిన గంటలో డ్రెస్సింగ్ రూమ్‌లో కూర్చున్న యువెంటస్ ఆటగాళ్ల టెన్షన్‌ని ఏ స్టడ్స్ తగ్గిస్తాయి?

ఇప్పుడు మీ పని. మేడ పొడిగా ఉన్నప్పుడు భుజం ఎత్తు నుంచి బంతి వదిలి, ఎంత ఎత్తు లేచిందో గోడ మీద చాక్‌పీస్‌తో గీత పెట్టండి. తర్వాత ఒకే బలంతో దొర్లించి ఎంత దూరం పోయిందో అడుగులతో కొలవండి. ఒక బకెట్ చల్లి అదే పని మళ్లీ చెయ్యండి. రెండో బకెట్‌ని పల్లంగా ఉన్న మూల నిలిచేలా పోసి మూడోసారి చెయ్యండి. మూడు జతల అంకెలూ నోటుబుక్కులో రాసి పెట్టుకోండి. మేడ గచ్చు గడ్డి కాదు, అంకెలు మైదానంలో వేరుగా ఉంటాయి, అయినా తేడా ఎటు పోతోందో తెలుస్తుంది. చెప్పులు విప్పి జాగ్రత్తగా నడవండి. నేను ఒకసారి జారి పడి వారం రోజులు కుంటుతూ నడిచాను.

ఒక ప్రశ్న కూడా. 2019 నుంచి టాస్ గెలిచిన జట్టు కిక్-ఆఫ్ అయినా తీసుకోవచ్చు, ఏ గోల్ వైపు దాడి చెయ్యాలో అయినా ఎంచుకోవచ్చు. ఒక గోల్ ముందు మడుగుంది, వాన తగ్గుముఖం పట్టింది, మీది పాసుల జట్టు. ఏం అడుగుతారు, ఎందుకు? నా జవాబు 7వ పాఠం మొదట్లో ఉంటుంది. ఆ పాఠం గాలి మీద.