ఒకే బిల్డింగ్, రెండు డిపార్ట్‌మెంట్లు: స్పేస్ ప్లానింగ్ ఎలా చేయాలి?

థర్డ్ ఇయర్‌లో నాకొచ్చిన డిజైన్ ప్రాబ్లెమ్ ఇది: ఆర్కిటెక్చర్ వాళ్లూ ఫైన్ ఆర్ట్స్ వాళ్లూ కలిసి వాడుకునే కాలేజీ బిల్డింగ్. హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లోని జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) ఈ రెండు కోర్సులూ ఒకే క్యాంపస్‌లో ఉన్నాయి కాబట్టి, ఇదేమీ ఊహాలోకపు ప్రాబ్లెమ్ కాదు. నెల రోజులు కూర్చుని ప్లాన్ గీశాను. జ్యూరీకి, అంటే మన డ్రాయింగ్‌లు చూసి తప్పొప్పులు చెప్పే రివ్యూకి, వచ్చిన పెద్దాయన షీటు కాసేపు చూసి ఒక్కటే అడిగారు: "రాత్రి పదకొండింటికి స్టూడియోకి వెళ్లాలయ్యా, ఎటు నుంచి వెళ్లను?" డ్రాయింగ్‌లు, మోడళ్లు చేసుకునే ఆ స్టూడియోకి వెళ్లే నా మెట్లు ఆడిటోరియం లాబీలోంచి పైకెళ్తున్నాయి. ఆ లాబీకి ఆరింటికే తాళం వేస్తారని అదే షీటు మీద నేనే రాసి పెట్టాను.

ఇప్పుడు ఇలాంటి పని చేతికొస్తే ముందు గోడలు గీయను. ఎవరు ఎప్పుడు వస్తారు, తాళం ఎవరి దగ్గర ఉంటుంది, ఈ రెండూ తేల్చుకుంటాను.

1. ముందు టైమ్ చార్ట్ గీయండి

ఒక ఏ3 కాగితం తీసుకోండి. అడ్డంగా పొద్దున 8 నుంచి అర్ధరాత్రి దాకా గంటలు, నిలువుగా మనుషులు: రెండు డిపార్ట్‌మెంట్ల విద్యార్థులు, టీచర్లు, ఆఫీసు, సాయంత్రం ఎగ్జిబిషన్ చూడటానికి వచ్చే బయటివాళ్లు. ఎవరు ఏ గదిలో ఎంతసేపు ఉంటారో రంగులు వేయండి. ఒకరు లేనప్పుడు ఇంకొకరు వాడుకునే గదులు తేలిగ్గా కనిపిస్తాయి. అవే పంచుకునేవి: లెక్చర్ హాళ్లు, ఆడిటోరియం, కంప్యూటర్ ల్యాబ్, ఎగ్జిబిషన్ హాలు.

స్టూడియోని మాత్రం ఈ లిస్టులోకి తీసుకురాకండి. మధ్యాహ్నం ఖాళీగా ఉన్నట్టే ఉంటుంది. కానీ టేబుల్ మీద సగం అతికించిన మోడల్ ఉంటుంది, ఫెవికాల్ ఇంకా ఆరలేదు, మోడల్‌లో మెట్లకని కోసిన సన్‌బోర్డ్ (తేలికైన ఫోమ్ షీటు) ముక్కలు వరసగా పేర్చి ఉంటాయి. ఇంకో క్లాసు వచ్చి గంటసేపు కూర్చుంటే ఆ వరస పోతుంది, రాత్రంతా మళ్లీ పేర్చుకోవాలి. మనిషి లేకపోయినా పని అక్కడే ఉంటుంది.

2. లెక్క వేయండి

బి.ఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ) ఐదేళ్లు, బీఎఫ్‌ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) నాలుగేళ్లు. అంటే 9 బ్యాచ్‌లు. ఒక్కో బ్యాచ్‌కి వారానికి 10 లెక్చర్ పీరియడ్లు అనుకుందాం, మొత్తం 90. ఒక గదికి రోజుకి 7 పీరియడ్ల చొప్పున ఐదు రోజులకి 35 వస్తాయి. టైమ్‌టేబుల్ ఎంత బాగా వేసినా అన్నీ నిండవు, ముప్పావు వంతు అనుకుంటే 26. తొంభైని 26తో భాగిస్తే మూడున్నర, అంటే 4 గదులు చాలు. బ్యాచ్‌కో గది ఇచ్చి ఉంటే 9 అయ్యేవి. గది 60 చదరపు మీటర్లనుకుంటే 300 చదరపు మీటర్లు మిగిలినట్టే.

ఆ మిగులుని స్టూడియోలకి ఇవ్వండి. టేబుల్, స్టూలు, వెనక నడిచే దారి, షీట్లు పెట్టుకునే చోటు కలిపి మనిషికి మూడున్నర చదరపు మీటర్లు ఉంటే ఊపిరాడుతుంది. 40 మందికి 140. చివర్లో కారిడార్లు, మెట్లు, టాయిలెట్లు, గోడల మందం కోసం ఇంకో 30–35 శాతం కలపండి. చాలామంది స్కీములు ఇక్కడే సైట్ దాటిపోతాయి.

3. తాళాల గీతలు గీయండి

బబుల్ డయాగ్రాం (ఒక్కో గదికి ఒక్కో గుండ్రం గీసి, ఏది దేని పక్కన ఉండాలో చూపే బొమ్మ) వేశాక దాని మీద మూడు రంగుల్లో గీతలు గీయండి: 24 గంటలూ తెరిచుండేవి, కాలేజీ టైమ్‌లోనే తెరిచేవి, బయటివాళ్లు వచ్చేవి. ఒక గీత లోపలికి వెళ్లడానికి ఇంకో గీత దాటాల్సి రాకూడదు. టాయిలెట్లు, మంచినీళ్లు 24 గంటల వైపే ఉండాలి. వీటిని మర్చిపోయే వాళ్లే ఎక్కువ.

వర్క్‌షాప్ గ్రౌండ్ ఫ్లోర్‌లో, ఆటో ట్రాలీ వచ్చి ఆగే చోట పెట్టండి. లైబ్రరీకి దూరంగా. మెట్ల వెడల్పు కనీసం 1.5 మీటర్లు, ర్యాంపు వాలు 1:12 (ఒక మీటరు ఎత్తుకి 12 మీటర్ల పొడవు).

4. వెలుతురు

స్టూడియోకి ఉత్తరం వెలుతురు మంచిదని అందరూ చెప్తారు, నిజమే. కానీ మనం ఉన్నది 17 డిగ్రీల అక్షాంశం దగ్గర. మార్చి చివరి నుంచి సెప్టెంబర్ దాకా సూర్యుడు తూర్పుకి కొంచెం ఉత్తరంగా ఉదయించి, పడమరకి కొంచెం ఉత్తరంగా అస్తమిస్తాడు. మే నెల సాయంత్రం ఐదింటికి ఉత్తరం కిటికీలోంచి ఏటవాలుగా ఎండ వచ్చి నేరుగా షీటు మీద పడుతుంది. పై సన్‌షేడ్ దీన్ని ఆపలేదు, కిటికీ పక్కన నిలువు ఫిన్లు (బయటికి పొడుచుకొచ్చే సన్నటి పలకలు) కావాలి. యూరప్ పుస్తకాల్లోని నార్త్ లైట్ సెక్షన్‌ని (ఉత్తరం వెలుతురు లోపలికి ఎలా వస్తుందో చూపే నిలువుకోత బొమ్మ) మక్కీకి మక్కీ దించేస్తే ఇక్కడే దెబ్బతింటాం.

5. పేరులేని చోటు

అహ్మదాబాద్‌లో 1962లో మొదలైన స్కూల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ (ఇప్పటి సెప్ట్ యూనివర్సిటీ) వాళ్ల బిల్డింగ్ ప్లాన్ ఒకసారి తెచ్చుకుని చూడండి. ఆర్కిటెక్ట్ బి.వి. దోషి డిజైన్ చేసింది. సమాంతరంగా ఇటుక గోడలు, మధ్యలో ఉత్తరం వెలుతురు పడే ఎత్తైన స్టూడియోలు, కింద నీడగా ఓపెన్‌గా వదిలిన జాగా. ఆ జాగాలో ఎగ్జిబిషన్ పెట్టొచ్చు, ఊరికే కూర్చోవచ్చు. పంచుకునే బిల్డింగ్‌లో రెండు డిపార్ట్‌మెంట్ల వాళ్లు నిజంగా కలిసేది ఇలాంటి చోటే. మీకు అంత చోటు లేకపోతే కారిడార్‌ని మూడు మీటర్లు చేసి, ఒక గోడ నిండా పిన్‌లు దిగే సాఫ్ట్‌బోర్డ్ కొట్టండి. జ్యూరీ అక్కడే జరిగిపోతుంది. దారినపోయే బొమ్మలేసే పిల్ల ఆగి మన ఎలివేషన్ (బిల్డింగ్ బయటినుంచి కనిపించే బొమ్మ) చూసి ముక్కు విరిస్తే, అదీ ఒక రివ్యూనే.

6. ప్లాన్‌లో నడవండి

పెన్సిల్ మొనతో ముగ్గురిని నడిపించండి: పొద్దున మోడల్ మోసుకొచ్చే అమ్మాయి, సాయంత్రం ఎగ్జిబిషన్‌కి వీల్‌చెయిర్‌లో వచ్చే పెద్దాయన, రాత్రి వాచ్‌మన్. మొదటి ఇద్దరి కోసం తలుపుల వెడల్పు, లిఫ్ట్ సరిచూసుకుంటే సరిపోతుంది. వాచ్‌మన్ వెంట మాత్రం చివరిదాకా వెళ్లండి. స్టూడియోలు తెరిచే ఉంచి మిగతాదంతా మూయడానికి అతను ఎన్ని తాళాలు వేయాలో లెక్కపెట్టండి. మూడు, నాలుగు అయితే ఫర్వాలేదు. నా థర్డ్ ఇయర్ ప్లాన్‌లో 14 వచ్చాయి.