అమెరికా దక్షిణాది కథాహాస్యం – పాఠం 4: చెట్టెక్కే ముందు మనిషిని చూపించండి

పోయిన పాఠంలో అమెరికన్ హాస్యకథకుడు జెర్రీ క్లోవర్ చెప్పిన రకూన్ (చెట్లెక్కే చిన్న అడవి జంతువు) వేట కథని మీ మాటల్లో చెప్పమంటే దాదాపు అందరూ ఒకేచోట బోల్తా పడ్డారు. తిన్నగా చెట్టు పైకొమ్మ దగ్గర మొదలుపెట్టారు. చివరి మాట పేలలేదు. కాబట్టి ఇవాళ అనుకున్న పాఠం పక్కనపెట్టి ఆ చెట్టు సంగతే చూద్దాం.

రాత్రివేళ కుక్కలు రకూన్‌ని తరిమి చెట్టెక్కిస్తాయి. తుపాకీతో కాల్చేస్తే పని అయిపోతుంది. వేటకొచ్చినవాళ్ళలో ఒకడైన జాన్ యూబ్యాంక్స్ దానికి ఒప్పుకోడు. ఏ ప్రాణికైనా బతికే అవకాశం ఒకటివ్వాలన్నది ఆయన పట్టు. తనే చెట్టెక్కి దాన్ని కిందికి దూకిస్తాడు. ఆ రకూన్ కుక్కలన్నిటినీ చితగ్గొట్టి వెళ్ళిపోగలిగితే వెళ్ళిపోవచ్చు. తీరా పైన ఉన్నది రకూన్ కాదు, లింక్స్ అనే అడవిపిల్లి. అది రక్కుతుంటే కాల్చండ్రా అని అరుస్తాడు. నీకు తగులుతుందంటారు కిందివాళ్ళు. మా ఇద్దరి మధ్యకే కాల్చండి, ఎవరో ఒకరి బాధ తీరాలి అంటాడు.

కాల్పులొద్దన్నవాడే కాల్చమని బతిమాలుతున్నాడు. నవ్వంతా అక్కడుంది. మీరు కోసేసింది సరిగ్గా ఆ పట్టు గురించిన వాక్యాన్నే. తాటిచెట్టెందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నట్టు, మీ యూబ్యాంక్స్ ఎందుకెక్కాడో వినేవాడికి తెలీదు.

ఇక యాస. కొందరు యూబ్యాంక్స్ చేత శ్రీకాకుళం యాస మాట్లాడించారు, కొందరు తెలంగాణ యాస. దయచేసి మానండి. క్లోవర్ మిసిసిపీలోని అమీట్ కౌంటీలో పెరిగాడు. యాజూ సిటీలో ఎరువుల కంపెనీ సేల్స్‌మన్‌గా రైతులకి ఈ కథలు చెప్పేవాడు. విన్నవాళ్ళదీ అదే యాస. వాళ్ళకి అందులో నవ్వొచ్చేదేముంది? మనిషిని చూసి నవ్వారు. అరువు యాస పెడితే వినేవాడి చెవి ఉచ్చారణ మీదికి పోతుంది, పట్టు చెప్పిన వాక్యం జారిపోతుంది. పైగా నవ్వు ఆ జిల్లావాళ్ళ మీద పడుతుంది. మీ ఇంట్లో మాట్లాడే యాస అయితే ఉంచండి, అది వేషం కాదు.

ఇక పట్టుని ఎలా చూపించాలో చూడండి. ‘సూరమ్మత్త మహా పిసినారి’ అంటే వినేవాడికి ఏమీ కనపడదు. ‘సూరమ్మత్త పెళ్ళి విస్తట్లో లడ్డు తినదు, కొంగున ముడేస్తుంది’ అనండి. తర్వాత ఆమెని రైలెక్కించండి. టికెట్టూ ఆ ముడిలోనే ఉంది. టీసీ ముందు లడ్డు విరిస్తే గానీ టికెట్టు రాదు. పిసినారి అన్న మాట ఎక్కడా వాడలేదు చూడండి.

చప్పుళ్ళ గురించి ఒక్క మాట: ‘కుక్కలు భయంకరంగా మొరిగాయి’ అనకండి, మొరగండి. క్లోవర్ రంపం మిషన్‌ని కూడా నోటితోనే నడిపాడు. మైకు, నిలబడే తీరు లాంటివి మీకు తెలిసినవే.

అభ్యాసం: మీ చుట్టాల్లో పట్టున్న మనిషిని ఒకరిని తీసుకోండి. ఆ పట్టు ఒకే వాక్యంలో, ‘చాలా’, ‘భలే’, ‘మహా’ లేకుండా. దాన్ని వాళ్ళే తెంచుకోవాల్సిన సందర్భం కల్పించి 4 నిమిషాల కథ చెప్పండి. మొదటి నిమిషం లోపే పట్టు వినపడాలి, చివరి 20 సెకన్ల వరకు తెగకూడదు. రాయకుండా ఫోన్‌లో 5 సార్లు రికార్డు చేయండి. అయిదోసారి పట్టు చెప్పిన వాక్యాన్ని తీసేసి చెప్పి, ఆ చుట్టం ఎవరో తెలియని మనిషికి వినిపించండి. అయినా నవ్వారంటే మీ కథలో ఆ పట్టుకి పనే లేదన్నమాట. వేరే చుట్టాన్ని వెతుక్కోండి.