మంట మంచిదే, గాజే మసక

నరసన్నపేట దగ్గర బాయిల్డ్ రైస్ మిల్లు. ఊక బాయిలర్. పొయ్యి గోడలో చిన్న గాజు కిటికీ, దాని వెనక మంట వెలుగును బట్టి వేడి చెప్పే పైరోమీటర్. రీడింగ్ తగ్గితే కంట్రోలర్ ఊక ఫీడర్‌ని స్పీడు పెంచుతుంది.

వారంగా చిమ్నీ నుంచి నల్లటి పొగ. స్క్రీన్ మీద 640 డిగ్రీలు. "ఏటి బాబూ, మంట పచ్చగా భగభగలాడతంటే ఈ మిషను చల్లారిపోయిందంటాది?" అన్నాడు ఫైర్‌మన్ తాత. ఆయన కన్నే కరెక్టు. 640లో మంట మసక ఎరుపులో ఉండాలి, అంత పసుపు రాదు. నేనేమో కేబుల్ అనుమానించి రెండు రోజులు తగలేశాను.

చివరికి గాజు విప్పితే, బూడిద పొరలా అతుక్కుని ఉంది. ఊక బూడిదలో ఎక్కువ భాగం సిలికా, నీళ్లతో తుడిస్తే పోదు. మా పైరోమీటర్ ఒకే తరంగదైర్ఘ్యం చూసే రకం. గాజు మసకబారితే కాంతి తగ్గుతుంది, దాని లెక్కలో వేడి తగ్గినట్టే. దాంతో ఊక పెరిగింది, గాలి పెరగలేదు, పొగ వచ్చింది. అసలు దొంగ మాత్రం బూడిద అంటకుండా గాజు మీదికి గాలి ఊదే గొట్టం ఫిల్టరు. మిల్లు దుమ్ముతో పూర్తిగా మూసుకుపోయింది.

గాజు మార్చి, ఫిల్టరు కడిగాక రీడింగ్ 910. ఫీడర్ స్పీడుకి పైహద్దు కూడా పెట్టాను. రెండు తరంగదైర్ఘ్యాల నిష్పత్తి చూసే పైరోమీటరైతే ఈ మసకకి అంతగా మోసపోదు అని చెప్పాను. ధర విని ఓనర్ గారు టీ తెప్పించారు. ఇప్పుడు ప్రతి సోమవారం తాతే ఫిల్టరు దులుపుతున్నాడు.