గుడారం విప్పాక మిగిలే జాడలు: సమస్య - పరిష్కారం

గండికోట దగ్గర పెన్నా లోయ అంచున రాత్రి బస చేసినవారూ, అహోబిలం కొండదారుల్లో నడిచి అలసి కూర్చున్నవారూ బయలుదేరే ముందు తామున్న చోటును ఒకసారి తిరిగి చూసుకోవాలి. కింది లక్షణాలలో ఏది కనిపించినా, దాని కారణం ముందురోజు సాయంత్రమో, ఇంటి దగ్గర మూట కట్టుకునేటప్పుడో మొదలై ఉంటుంది.

సమస్య: తెల్లవారినా బూడిద వెచ్చగా ఉంది, బండ నల్లబడింది

కారణం: రాత్రి మంట తగ్గగానే నాలుగు దోసిళ్ల ఇసుక చల్లి పడుకున్నారు. ఇసుక నిప్పును కనబడకుండా చేస్తుందే గాని చల్లార్చదు. అడుగున కణికలు గంటల తరబడి వేడి పట్టుకొని ఉంటాయి. ఫిబ్రవరి నుంచి మే దాకా కొండల మీద బోద గడ్డి నిలువునా ఎండి ఉంటుంది కనుక, గాలి లేచి ఒక్క రవ్వ ఎగిరినా చాలు. ఇక బండ మీద మసి సంగతి: వాన తక్కువైన ఈ సీమలో అది తొందరగా పోదు, పైగా తరువాత వచ్చినవారికి ఇక్కడ పొయ్యి పెట్టవచ్చునన్న గుర్తుగా పనిచేస్తుంది. ఒకే బండ మీద అడుగు దూరంలో నాలుగు మచ్చలు నేను చూశాను.

పరిష్కారం: చిటపట చప్పుడు ఆగేవరకు నీళ్లు పోయాలి, కట్టెతో కలియబెట్టాలి, మళ్లీ పోయాలి, ఆ తరువాత అరచేతి వెనుక భాగాన్ని బూడిదకు దగ్గరగా పెట్టి, వేడి తగలకపోతే మెల్లగా ఆనించి చూడాలి. ఏమాత్రం వేడి తగిలినా నిప్పు ఆరలేదన్నమాట. అయితే తాగడానికే నీళ్లు మోసుకుపోవలసిన చోట ఇది ఎంతమంది చేస్తారు? అందుచేత మంట జోలికే పోకపోవడం నా సలహా. జొన్న రొట్టెలు, చెనిక్కాయల పొడి, బొరుగులు ఒక రాత్రికి చాలు. వెలుతురుకు టార్చి ఉంది. అడవిలో నిప్పు పెట్టడం 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం కింద నేరమని కూడా గుర్తుంచుకోవాలి.

సమస్య: బస చుట్టూ దుర్వాసన, గాలికి ఎగిరే కాగితాలు

కారణం: మలవిసర్జనకు దగ్గరలోని ఎండిన వంకను ఎంచుకున్నారు. మెత్తటి ఇసుక, చుట్టూ చాటు ఉండడంతో అది అనువుగానే తోస్తుంది; కాని మొదటి వానకు వంక పారి, అదంతా దిగువ చెరువుకో, గొర్రెలు తాగే మడుగుకో చేరుతుంది.

పరిష్కారం: నీటికీ, ఎండిన వంకకూ, దారికీ, బసకూ కనీసం 200 అడుగుల దూరం, అంటే సుమారు 80 అంగలు, వెళ్లి 6 నుంచి 8 అంగుళాల లోతు గుంట తవ్వి, పని కాగానే ఆ మట్టితోనే పూడ్చాలి. కాగితాన్ని, తుడుచుకునే తడి కాగితాలను (వెట్ వైప్స్) పూడ్చకుండా మూతి బిగించిన కవరులో వెనక్కి తేవాలి. లోయ అంచున అంతా బండే కనుక గుంట తవ్వడం కుదరదు; అక్కడ చీకటి పడకముందే ఊరివైపు మరుగుదొడ్డికి వెళ్లి రావడమే మార్గం. గిన్నెలు తోమడానికీ ఇదే దూరం వర్తిస్తుంది: భవనాశి వంటి ఏటిలో సబ్బు కలపకుండా, నీళ్లు ముంచుకొని పక్కకు పోవాలి.

సమస్య: కోతులు సంచి లాక్కున్నాయి

కారణం: మీకంటే ముందు వచ్చినవారు అరటిపండు పెట్టి అలవాటు చేశారు.

పరిష్కారం: ఏమీ పెట్టవద్దు, తొక్కలు కూడా పారవేయవద్దు.

సమస్య: మలుపు దగ్గర దారి రెండుగా చీలింది

కారణం: ఎవరో అడ్డంగా దిగారు, వెనుకవారు అనుసరించారు. గడ్డి వేళ్లు తెగిన వాలు మీద వాన నీరు ఆ అడ్డదారినే కాలువగా చేసుకుంటుంది.

పరిష్కారం: ఉన్న దారిలోనే ఒకరి వెనుక ఒకరు నడవాలి. లంకమల అభయారణ్యంలో దీనికి మరో కారణం కూడా ఉంది. అంతరించిందనుకున్న కలివికోడి 1986లో మళ్లీ కనిపించింది ఆ పలుచని ముళ్లపొదల నేల మీదనే. రాత్రి పూట నేల మీద తిరిగే పిట్ట అది. కాబట్టి అక్కడ అటవీశాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టడం గాని, చీకట్లో టార్చి వేసుకొని పొదల్లో తిరగడం గాని తగదు.

సమస్య: కోటగోడ మీద మీ బృందంలోని ఒకరి పేరు చెక్కి ఉంది

కారణం చెప్పనక్కరలేదు. పరిష్కారం మీ చేతిలో లేదు: గీకితే రాతి పైపొర ఊడుతుంది, రంగు పూస్తే మరక మిగులుతుంది. ఏమీ చేయకుండా, అక్కడి కాపలా సిబ్బందికి చెప్పి రండి.