అమెరికాకు కొత్తగా వచ్చారా? పుస్తకాలు కొనకుండానే డీ అండ్ డీ ఆడొచ్చు

చలికాలంలో చాలా ఊళ్లలో ఐదు కాకముందే చీకటి పడిపోతుంది, పక్కింటివాళ్లతో పరిచయం "హాయ్" దాటదు. అలాంటప్పుడు ఆఫీసులోనో కాలేజీలోనో ఎవరైనా "శనివారం డీ అండ్ డీ ఆడుతున్నాం, వస్తావా?" అంటే మొహమాటపడకుండా వెళ్లండి. డీ అండ్ డీ అంటే డంజన్స్ అండ్ డ్రాగన్స్, 1974లో ఇక్కడే పుట్టిన ఆట. నలుగురైదుగురు బల్ల చుట్టూ చేరి తలో పాత్ర తీసుకుని, మాటల్లోనే కథ నడుపుతారు. కథని ముందుండి నడిపించేవారిని డీఎం (డంజన్ మాస్టర్) అంటారు.

మీ పాత్ర కోటగోడ ఎక్కాలనుకోండి. ఆ మాట చెప్తే డీఎం ఇరవై ముఖాల పాచిక వెయ్యమంటారు. 13 పడింది, మీ పాత్ర బలం వల్ల వచ్చే 3 కలిపితే 16. డీఎం అనుకున్న అంకె 15 అయితే ఎక్కేసినట్టే, 18 అయితే కందకంలో పడ్డట్టే. మొదటి రోజుకి ఇంత తెలిస్తే చాలు. గొంతు మార్చి నటించాలేమోనని టెన్షన్ వద్దు. "మావాడు కాపలావాణ్ణి బతిమాలుతున్నాడు" అన్నా ఆట సాగుతుంది.

షాపుకెళ్తే మూడు లావుపాటి పుస్తకాలు చూపిస్తారు. కొత్తవైతే ఒక్కోటీ దాదాపు 50 డాలర్లు. ఇంకా ఇంట్లోకి మంచమే రాని రోజుల్లో ఆ ఖర్చు దండగ. ముఖ్యమైన రూల్స్‌ని ఆ ఆట వేసే కంపెనీయే 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద వదిలింది. ఆ రూల్స్ పత్రాన్ని ఎస్‌ఆర్‌డీ (SRD) అంటారు, డీ అండ్ డీ పేరుతో కలిపి వెతికితే పీడీఎఫ్ దొరుకుతుంది. మూలం ఎవరిదో రాస్తే చాలు, తెలుగులోకి మార్చి పంచుకోవడానికి కూడా అడ్డులేదు. వందల పేజీలుంటుంది కాబట్టి మొత్తం ప్రింట్ తీయకండి. ఒక్కో పాత్ర వివరాలు రాసుకునే షీట్లు విడిగా దొరుకుతాయి, అవి తీస్తే సరిపోతుంది. ఈ ఆటకి వాడే ఏడు పాచికల సెట్ లేకపోతే ఫోన్లోనే వేసుకోవచ్చు.

అదీ బరువనిపిస్తే లేజర్స్ అండ్ ఫీలింగ్స్ అనే ఇలాంటి చిన్న ఆట చూడండి. రూల్స్ అన్నీ ఒక్క పేజీ, ఉచితం. మామూలు ఆరు ముఖాల పాచికలే వాడతారు. సూట్‌కేసులో వైకుంఠపాళి తెచ్చుకున్నవాళ్లకి పైసా ఖర్చు లేదు.

అసలు వెళ్లాల్సింది పబ్లిక్ లైబ్రరీకి. ఐడీ, అడ్రసు రుజువుగా లీజు కాగితం పట్టుకెళ్తే చాలాచోట్ల కార్డు ఉచితంగా ఇస్తారు. రూల్ పుస్తకాలు అక్కడే అరువు దొరకొచ్చు, లేకపోతే వేరే లైబ్రరీ నుంచి తెప్పించమని అడగండి. చాలా లైబ్రరీల్లో మీటింగ్ రూమ్ కూడా ఉచితమే. ముందుగా బుక్ చేసుకోవాలి, వచ్చినవాళ్ల దగ్గర డబ్బు వసూలు చేయకూడదనే షరతు ఉంటుంది. తినే వస్తువులు తేవచ్చో లేదో ముందే కనుక్కోండి.

మన తెలుగువాళ్లతో గ్రూపు పెట్టాలనుకుంటే అపార్ట్‌మెంట్ కంటే లైబ్రరీ గదే మేలని నా అభిప్రాయం. ఇంట్లో అయితే ఆ ఇల్లాలు పకోడీలు వేయడంలోనే ఉండిపోతుంది, ఆట మగవాళ్లకి మిగులుతుంది. వీల్‌చైర్‌లో వచ్చేవాళ్లకీ అక్కడ మెట్ల బాధ ఉండదు. అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చి ఉంటే వాళ్లనీ కూర్చోబెట్టండి. షీటు తెలుగులో, పెద్ద అక్షరాలతో రాసివ్వండి.

మొదటిసారి పాత్రలు మీరే తయారుచేసి ఉంచండి, కథ మూడు గంటల్లో ముగిసేలా చూసుకోండి. ఏ విషయాలు కథలోకి రాకూడదో మొదలుపెట్టే ముందే అందర్నీ అడగండి. కారు లేనివాళ్లని ఇంటి దగ్గర ఎవరు దింపుతారో కూడా అప్పుడే తేల్చుకోవాలి.